కోనసీమకు కారులో వెళ్తే మకాం ఎక్కడ పెట్టాలి?

కోనసీమ ట్రిప్ అనగానే ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ తీసి చూడాల్సిన చోట్ల పేర్లు రాయడం మొదలుపెడతారు. అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, మురమళ్ల, దిండి, యానాం, ద్రాక్షారామం, ఆత్రేయపురం... పది నిమిషాల్లో జాబితా చాంతాడంత అవుతుంది. మ్యాపులో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి ‘రెండు రోజుల్లో అయిపోతాయిలే’ అనుకుని, రూమ్ ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ బుక్ చేసేస్తారు. తీరా వెళ్లాక సగం పొద్దు కారులోనే గడిచిపోతుంది. వెనక సీట్లో అత్తగారి కాళ్లు వాచిపోతాయి, పిల్లలు ‘ఇంకెంత దూరం’ అని ప్రాణం తోడేస్తారు.

జాబితా తర్వాత రాసుకోవచ్చు. ముందు మకాం తేల్చండి. రెండు రాత్రులు, మూడు రోజుల ప్రయాణానికి మకాం ఒక్కటే ఉండాలని నా గట్టి అభిప్రాయం. రెండో రాత్రికి ఊరు మారారంటే పొద్దున్నే సామాను సర్దాలి, తడి తువ్వాళ్లు కవర్లో కుక్కాలి, మందుల సంచి ఎక్కడ పెట్టామో వెతకాలి. కొత్త చోట మధ్యాహ్నం దాకా రూమ్ ఇవ్వరు. దాంతో ఆ రోజు సగం హుష్‌కాకి.

1. కారులో ఎవరెవరు ఉన్నారో ముందు చూసుకోండి

నలుగురు కుర్రాళ్లు వెళ్తే మకాం ఎక్కడైనా ఒకటే. కుటుంబంతో వెళ్తే ఇద్దరు మనుషుల్ని బట్టి అంతా నడుస్తుంది: అందరికన్నా పెద్దవాళ్లు, అందరికన్నా చిన్నవాళ్లు. మధ్యాహ్నం భోంచేశాక ఓ గంట నడుం వాల్చకపోతే మీ నాన్నగారికి సాయంత్రం అడుగు పడదా? అయితే రోజూ మధ్యాహ్నానికి రూమ్‌కి తిరిగొచ్చేలా మకాం ఉండాలి. బాబుకి రెండేళ్లు, రాత్రి ఎనిమిదింటికల్లా పాలు తాగి పడుకుంటాడా? అయితే చీకటి పడ్డాక డ్రైవింగ్ పెట్టుకోకూడదు. ఇవి కాగితం మీద రాయండి. తర్వాత ఏ ఊరు సరిపోతుందో అదే తేలుతుంది.

ఇంకో ప్రశ్న కూడా ఇంట్లోనే తేల్చుకోవాలి: వెళ్తున్నది గుళ్ల కోసమా, ఏటిగట్టున ఊరికే కూర్చోవడం కోసమా? రెండూ అంటారు అందరూ. సగం సగం అయితే ఇబ్బంది లేదు. కానీ అమ్మకి ఏడు గుళ్లు, మీకు ఒక హౌస్‌బోటు అంటే మాత్రం మకాం అమ్మ వైపే మొగ్గాలి, ఎందుకంటే గుళ్లు పొద్దున్నే మొదలవుతాయి, మధ్యాహ్నం తలుపులేస్తారు. ఏరు ఎక్కడికీ పోదు.

2. మ్యాపులో ఊళ్ల కన్నా ముందు ఏటి పాయలు చూడండి

ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమరన వశిష్ఠ. కింద వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి, మధ్యగా సముద్రానికి పోతుంది. ఈ పాయల మధ్య నేలే కోనసీమ. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా విడి జిల్లా కూడా అయింది.

మకాం కోసం దీన్ని మూడు ముక్కలుగా చూస్తే చాలు. పైన మొనలాంటి భాగంలో ఆత్రేయపురం, ర్యాలి, వాడపల్లి, రావులపాలెం. గౌతమికీ వైనతేయకీ మధ్య అమలాపురం, అయినవిల్లి, మురమళ్ల, ఓడలరేవు. వైనతేయకీ వశిష్ఠకీ మధ్య అప్పనపల్లి, రాజోలు, మలికిపురం, దిండి, అంతర్వేది. పై ముక్కలోంచి అమలాపురం వైపు నేల మీదే వెళ్లొచ్చు గానీ, ఏ పాయ దాటాలన్నా కారుకు వంతెన దొరకాలి. వంతెనలేమో కొన్నే. గౌతమి మీద జొన్నాడ–రావులపాలెం దగ్గర ఒకటి, కింద యానాం–ఎదుర్లంక దగ్గర ఇంకొకటి. యానాం దగ్గరున్నదానికి లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన బాలయోగి పేరు పెట్టారు. వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన, పి.గన్నవరం అక్విడెక్టు (ఏటి మీదుగా కాలవను దాటించే కట్టడం). వశిష్ఠ మీద సిద్ధాంతం, కింద దిండి పక్కన చించినాడ.

అందుకే ఇక్కడ అవతలి ఒడ్డు కంటికి కనిపిస్తున్నా కారుకు అందదు. కోటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా ముక్తేశ్వరం. నర్సాపురం రేవులో నిలబడితే ఎదురుగా సఖినేటిపల్లి. మధ్యలో వంతెన లేదు, పంటు ఉంది. పంటు ఎక్కడం పిల్లలకు పండగే. రెండు పడవల్ని కలిపి పైన బల్లలు పరిచి ఉంటాయి. రేవులో ఏటవాలుగా దిగి, చప్టా మీదుగా ముందు చక్రాలు ఎక్కించేటప్పుడు పంటు కాస్త కుంగుతుంది, మీ గుండె కూడా. పంటువాళ్లు చేత్తో ‘రా రా, ఇంకొంచెం, ఆపు’ అంటుంటే వాళ్లనే చూడండి, నీళ్ల వైపు చూడకండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, అందర్నీ కిందకి దించాలి. మోటారు సైకిళ్లు, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు అందరూ మీ కారు చుట్టూ సర్దుకుంటారు. సరదాకి ఒక్కసారి ఎక్కండి. కానీ రోజూ పంటు మీద ఆధారపడేలా మాత్రం మకాం పెట్టుకోకండి. వరదొస్తే ఆపేస్తారు, రద్దీ ఉంటే వరస కదలదు, చీకటి పడ్డాక దొరుకుతుందో లేదో రేవులోనే అడగాలి.

గూగుల్ మ్యాప్‌లో దారి చూసేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. అది ఒక్కోసారి రేవు మీదుగా గీత గీసేస్తుంది. దగ్గర దారి దొరికిందని సంబరపడేముందు ఆ గీత నీలం రంగు నీళ్లను ఎక్కడ దాటుతోందో జూమ్ చేసి చూడండి.

3. ఐదారు ఊళ్లలోంచి ఒకటి ఎంచుకోండి

రాజమండ్రి. హోటళ్లు ఎక్కువ, లిఫ్టు, ఏసీ, కారు పెట్టుకునే చోటు అన్నీ దొరుకుతాయి. రైల్లో వచ్చి ఇక్కడ కారు అద్దెకు తీసుకునేవాళ్లకూ అనువే, ఎందుకంటే కోనసీమ లోపలికి ఇంకా రైలు లేదు. కానీ రాజమండ్రిలో పడుకుంటే కోనసీమలో ఉన్నట్టు కాదు. అమలాపురం వెళ్లిరావడమే రానూపోనూ నూట ముప్పై కిలోమీటర్ల దాకా. అంతర్వేది అయితే ఒక వైపే వంద దాటుతుంది. కడియం నర్సరీలు, బ్యారేజీ, ఆత్రేయపురం, ర్యాలి వరకే చాలనుకుంటే రాజమండ్రి చక్కగా సరిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి బొబ్బర్లంక దిగి ఆత్రేయపురం వెళ్లే దారి ఒక్కటే ఆ రోజుకి చాలు.

రావులపాలెం. వంతెన దిగగానే వచ్చే కూడలి ఊరు. హైవే మీద విజయవాడ వైపు నుంచి వచ్చినా, రాజమండ్రి వైపు నుంచి వచ్చినా ఇక్కడే లోపలికి తిరగాలి. అరటిపళ్ల మార్కెట్టు, బస్సుల హోరు, హైవే. టిఫినుకి ఆగడానికి బాగుంటుంది. పడుకోవడానికి నేను సలహా ఇవ్వను. అర్ధరాత్రి దాటి చేరేటట్టయితే మొదటి రాత్రి ఇక్కడ ఆగిపోవడం మాత్రం తెలివైన పని.

అమలాపురం. ఎక్కువ కుటుంబాలకి నా ఓటు దీనికే. సరిగ్గా మధ్యలో ఉంది. అయినవిల్లి పన్నెండు కిలోమీటర్లు, ఓడలరేవు బీచ్ ఇరవై లోపు, మురమళ్ల ఇరవై పైన. అప్పనపల్లికి బోడసకుర్రు వంతెన దాటితే చాలు. 216వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది కాబట్టి ఇటు యానాం, అటు రాజోలు రెండూ తిన్నగా అందుతాయి. పైగా జిల్లా కేంద్రం. రాత్రిపూట పిల్లకి జ్వరం వస్తే డాక్టరు, మందుల షాపు దొరికే ఊరు. ఇది ఎవరూ జాబితాలో రాయరు గానీ కుటుంబంతో వెళ్లినప్పుడు అన్నిటికన్నా ముందు ఇదే. లోపం ఏంటంటే, ఊరు ఊరే. గడియార స్తంభం చుట్టూ ట్రాఫిక్, ఇరుకు సందులు. కిటికీ తీస్తే కొబ్బరి తోట కనిపించాలని వచ్చినవాళ్లకి ఎదురింటి వాటర్ ట్యాంకు కనిపిస్తుంది. అందుకే లాజ్ అడిగేటప్పుడు ‘ఎర్రవంతెన దాటాకా, నల్లవంతెన దగ్గరా’ అని గుర్తు కనుక్కుని, బజారు నడిమధ్య కాకుండా ఊరి అంచున ఉన్నది చూసుకోండి.

దిండి, రాజోలు. ఏటి ఒడ్డున, కొబ్బరి చెట్ల కింద, నీళ్లను చూస్తూ కాఫీ తాగాలంటే దిండి. పర్యాటక సంస్థ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నది ఇక్కడే. ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి. భీమవరం, పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటితే దిండి వచ్చేస్తుంది కాబట్టి విజయవాడ, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి దారి సులువు. అంతర్వేది ఇక్కణ్నుంచి దగ్గర. అయితే సాయంత్రం ఏడు దాటాక బయట చేసేదేమీ లేదు. రిసార్టు భోజనమే గతి, దాని ధరే ధర. మురమళ్ల, యానాం, ద్రాక్షారామం జాబితాలో ఉంటే దిండి నుంచి రోజంతా తూర్పుకి పరుగే. ఊరికే సేదతీరడానికి వచ్చేవాళ్లకి మాత్రం దీనికి మించింది లేదు.

పాలకొల్లు, నర్సాపురం. లెక్కప్రకారం ఇవి కోనసీమ కావు, వశిష్ఠకి అవతల. కానీ దిండిలో రూములు నిండిపోతే పాలకొల్లు మంచి ప్రత్యామ్నాయం. పంచారామాల్లో ఒకటైన క్షీరారామం ఊళ్లోనే ఉంది, అమ్మ సంతోషిస్తుంది.

బంధువుల ఇల్లు ఉంటే? కోనసీమలో ప్రతి రెండో తెలుగువాడికీ ఎవరో ఒక బాబాయి ఉంటారు. వెళ్లండి, ఒక పూట భోజనం చేయండి. మకాం మాత్రం పెట్టకండి. ఆ ఇంట్లో దిగితే పొద్దున్న పదకొండు దాకా మిమ్మల్ని వదలరు. టిఫిను మీద టిఫిను, మధ్యలో పక్కింటి పిన్నిగారు, కొబ్బరి బొండాలు. ఆ మర్యాద దాటుకుని బయటపడేసరికి గుడి తలుపులు వేసేస్తారు.

4. ఎంచుకున్న ఊరి నుంచి పూటకో చుట్టు గీయండి

కాగితం మీద మకాం ఊరు మధ్యలో పెట్టి, పొద్దున ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు గీయండి. ఒక చుట్టులో రెండు చోట్లకి మించకూడదు. ఏ చోటుకైనా వెళ్లడానికి గంట దాటితే, దాన్ని వచ్చేటప్పుడో తిరిగెళ్లేటప్పుడో దారిలో పెట్టండి. అలా కూడా కుదరకపోతే కొట్టేయండి.

గంట అంటే ఎన్ని కిలోమీటర్లో కూడా ఇక్కడ జాగ్రత్తగా లెక్కేయాలి. జాతీయ రహదారి మీద నలభై, నలభై ఐదు. లోపల కాలవ గట్టు రోడ్ల మీద ముప్పై అనుకోండి. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, ఒక పక్కన కాలవ ఉంటుంది. కోతల రోజుల్లో రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, సగం రోడ్డే మిగులుతుంది. ఆ ధాన్యం మీద టైరు పోనివ్వకండి, పక్కనే రైతు కూర్చుని ఉంటాడు.

అమలాపురం మకాం అయితే ఇలా ఉంటుంది: చేరిన రోజు సాయంత్రం ఓడలరేవు బీచ్, వెలుతురు ఉండగానే వెనక్కి. రెండో రోజు పొద్దున్నే అయినవిల్లి వినాయకుడు, అక్కణ్నుంచి అప్పనపల్లి బాలబాలాజీ. పాశర్లపూడి మీదుగానే వెళ్తారు. 1995 జనవరిలో గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది ఇక్కడే, పెద్దవాళ్లని అడిగితే కథలు కథలుగా చెబుతారు. దారిలో నగరం అనే ఊళ్లో గరాజీలనే మిఠాయి కొనుక్కుని మధ్యాహ్నానికి రూమ్. సాయంత్రం మురమళ్ల వీరేశ్వరస్వామి, ఓపిక ఉంటే యానాం దాకా. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, పెట్రోలు మన దగ్గరకన్నా తక్కువకి దొరుకుతుంది, ట్యాంకు నింపుకోండి. ఈ లెక్కలో అంతర్వేది లేదు చూశారా? అమలాపురం నుంచి యాభై కిలోమీటర్ల పైమాట. అది కావాలంటే మూడో రోజు పొద్దున్నే ఖాళీ చేసి, అంతర్వేది చూసుకుని, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు పట్టుకుని ఇంటికి వెళ్లిపోవాలి. రాజమండ్రి వైపు తిరిగి వెళ్లేవాళ్లయితే అంతర్వేదిని వచ్చేసారికి ఉంచుకోవడం మేలు.

5. తారీఖు చూశాకే రూమ్

సంక్రాంతికి కోనసీమకి వెళ్లాలని అందరికీ ఉంటుంది. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసి తీరాల్సిందే, పదకొండు ఊళ్ల ప్రభలు (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి) చేలల్లోంచి, కాలవ దాటించి మోసుకొస్తారు. కానీ ఆ వారం రూమ్ దొరకడం గగనం, దొరికినా ధర మామూలు కన్నా ఎన్నో రెట్లు. ఆ రోజుల్లో పైన నేను వద్దన్న బాబాయి ఇల్లే దిక్కు.

భీష్మ ఏకాదశి ముందూ వెనకా అంతర్వేది కల్యాణం. రాజోలు, దిండి, నర్సాపురం వైపు మకాం పెడితే జనం మధ్య ఇరుక్కుంటారు. శనివారాల్లో వాడపల్లి వెంకన్నకి ఏడు వారాల మొక్కువాళ్లు వస్తారు, రావులపాలెం చుట్టుపక్కల రోడ్లు కిటకిటలాడతాయి. ఆత్రేయపురం ప్లాన్ శనివారం పెట్టుకోకండి. కార్తీకంలో సోమవారాలు శివాలయాల దగ్గర అదే పరిస్థితి.

జులై నుంచి సెప్టెంబరు దాకా వరదలు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే లంక ఊళ్ల కాజ్‌వేలు కొన్ని మునుగుతాయి, పంట్లూ పడవలూ ఆపేస్తారు. భద్రాచలంలో నీళ్లు పెరుగుతున్నాయని వార్త వస్తే ప్రయాణం వారం వెనక్కి జరపండి. పులస చేప కోసమే ఆ రోజుల్లో వచ్చేవాళ్లుంటారు. వాళ్లకి నా సలహా: అమలాపురంలోనో రాజమండ్రిలోనో ఉండండి, ఏటిగట్టు రిసార్టులో వద్దు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా హాయి. ఏప్రిల్, మేలలో ఉక్కపోత చంపేస్తుంది.

6. ఫోన్ చేసి అడగండి, యాప్ చాలదు

యాప్‌లో ఫొటోలు చూసి సరిపెట్టుకోకుండా లాజ్‌కి నేరుగా ఫోన్ చేయండి. ఇలా మొదలుపెట్టండి: ‘అండీ, మాతో పెద్దవాళ్లున్నారు, కింద ఫ్లోర్‌లో రూమ్ దొరుకుతుందాండీ? లిఫ్టుందా?’ గోదావరి జిల్లాల్లో ‘అండీ’ అన్న మనిషికి సగం పని అక్కడే అయిపోతుంది.

తర్వాత ఇవి వరసగా అడగండి. పక్కన కల్యాణ మండపం ఉందా, ఆ తారీఖుల్లో ముహూర్తాలున్నాయా? (మండపం పక్క లాజ్‌లో తెల్లవారుజామున మూడు దాకా డీజే విన్నాక ఈ ప్రశ్న నా జాబితాలో మొదటికొచ్చింది.) కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానేనా? బాత్రూమ్ వెస్టర్నా? వేడినీళ్లు గీజరుతోనా, బకెట్‌తో తెచ్చిస్తారా, తెస్తే ఏ వేళకి? అదనపు పరుపు ఎంత? చెకిన్ ఇరవై నాలుగు గంటల లెక్కా, పన్నెండింటి లెక్కా? కారు లోపల పెట్టొచ్చా, రోడ్డు మీదేనా? డ్రైవర్ ఉంటే అతనికి పడక, స్నానానికి చోటు ఉందా? ఇది అడగని వాళ్లే ఎక్కువ. సరిగ్గా నిద్రలేని డ్రైవర్‌ని మర్నాడు కాలవ గట్టు మీద నమ్ముకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

దోమల సంగతి అడగక్కర్లేదు, ఉంటాయి. చుట్టూ కాలవలే కదా. కిటికీలకి మెష్ ఉందో లేదో మాత్రం అడిగి, మస్కిటో లిక్విడ్ ఒకటి సామాన్లో పడేసుకోండి. పెద్దవాళ్లందరి ఆధార్ అసలు కార్డులు దగ్గరుంచుకోండి, ఫోన్లో ఫొటో కొన్ని చోట్ల ఒప్పుకోరు.

చివరిగా భోజనం. మకాం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పొద్దున్నే టిఫిను దొరకాలి. అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించిన పొట్టిక్కలు దొరికితే వదలకండి. పొద్దెక్కితే అయిపోతాయి. పిల్లలకి కారం తగ్గించమని ముందే చెప్పండి, అడిగితే పెరుగన్నం ఎక్కడైనా పెడతారు.

7. చేరే వేళ, వదిలే వేళ

హైదరాబాద్ నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైనే. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నం మూడు, నాలుగుకి చేరతారు, పిల్లలతో ఆగుతూ వస్తే ఇంకాస్త. ఎట్టి పరిస్థితిలోనూ రావులపాలెం నుంచో పాలకొల్లు నుంచో లోపలికి తిరిగేసరికి వెలుతురు ఉండాలి. గట్టు రోడ్ల మీద దీపాలుండవు, గేదెలు నల్లగా ఉంటాయి. బయల్దేరే ముందు రోజు లాజ్‌వాళ్లకి ఫోన్ చేసి, మీ దారిలో ఉన్న వంతెన మీద మరమ్మతులేమైనా జరుగుతున్నాయా అని అడగండి. అక్కడి వంతెన ఒక్కటి మూస్తే చుట్టు పదుల కిలోమీటర్లు పెరుగుతుంది.

తిరిగొచ్చేటప్పుడు రావులపాలెం మీదుగా అయితే ఆత్రేయపురానికి గంట కేటాయించండి. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేముందు రేకు తీసే ఇంట్లోకి వెళ్లి అడిగితే చూపిస్తారు: బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ, కుండ మీద అలా ఒక్కసారి పరిచి లాగేస్తే కాగితం కన్నా పల్చగా రేకు లేస్తుంది. బెల్లంవి, పంచదారవి విడివిడిగా కట్టించుకోండి. కారులో వాటిని సీటు మీదే పెట్టండి, డిక్కీలో సూట్‌కేసు కింద పెడితే ఇంటికి చేరేది పొడే.